కళ్ళం లెక్క నుంచి గొలుసుకట్టు లెడ్జరు దాకా: కొల్లేరు సీమలో ఉమ్మడి అవసరాలకు నిధి సమకూరిన తీరు

మురుగు కాలువలో పూడిక తీసినప్పుడు ఆ మేలు సొమ్ము చెల్లించిన రైతు చేనితో ఆగిపోదు. చెల్లించని పొరుగు రైతు చేను కూడా అంతే త్వరగా ఆరుతుంది. అతడు చెల్లించలేదు గనుక అతని చేనులోని నీటిని మాత్రం నిలిపి ఉంచుదామంటే సాధ్యపడదు. ఇటువంటి సేవలను ఆర్థికశాస్త్రం, ముఖ్యంగా 1954లో పాల్ శామ్యూల్‌సన్ ప్రభుత్వ వ్యయంపై ప్రకటించిన వ్యాసం తరువాత, ఒక ప్రత్యేక తరగతిగా పరిగణిస్తున్నది. అందరికీ అందేదానికి ఎవరికి వారు చెల్లించకుండా తప్పుకోవాలని చూడడం సహజం గనుక అటువంటి పనులకు నిధి ఎలా కూడాలి, కూడిన నిధిని ఎవరు కాపాడాలి, ఖర్చుకు ఎవరు సాక్ష్యం పలకాలి అన్నవి చాలా పాత ప్రశ్నలు. గత పదేళ్ళుగా వీటికి బ్లాక్‌చెయిన్ సాంకేతికతను ఒక సమాధానంగా చూపుతున్నారు. ఏ ఒక్కరి అధీనంలోనూ లేని, ఒకసారి రాసిన పద్దును రహస్యంగా దిద్దడానికి వీలులేని లెక్క పుస్తకం ఉంటే ఉమ్మడి నిధిపై జనానికి నమ్మకం కలుగుతుందన్నది ఆ వాదన సారాంశం.

ఈ వాదనను పరీక్షించడానికి ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతం అనువైనది. ఇక్కడ భూమి పల్లం. విజ్జేశ్వరం వద్ద గోదావరి నుంచి బయలుదేరిన నీరు ఏలూరు కాలువగా తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరుకు వస్తుంది. విజయవాడ నుంచి కృష్ణ నీరు మరొక ఏలూరు కాలువగా అక్కడికే చేరుతుంది. రెండు డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లు, రెండు వైపుల డెల్టా మురుగు కాలువలు అందులో పడతాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. నీరు తెచ్చుకోవడం కంటె నీటిని వదిలించుకోవడమే కష్టమైన సీమలో ఉమ్మడి నిధి ప్రశ్న గ్రంథచర్చగా మిగలదు. వర్షాకాలం వచ్చిన ప్రతిసారీ అది గడప దగ్గరికి వస్తుంది.

కళ్ళం లెక్క, కరణం లెక్క

కంపెనీ పాలన స్థిరపడకముందు, స్థిరపడిన తరువాత కూడా కొంతకాలం, గ్రామ సేవలకు చెల్లింపు నగదులో కాక ధాన్యంలో జరిగేది. నీరు పారించేవానికి, కావలివానికి, కమ్మరికి, వడ్రంగికి కళ్ళంలో నూర్పిళ్ళయ్యాక మేరలు కొలిచేవారు. ఈ పద్ధతిలో కులాంతరాలు, వెట్టి గట్టిగా పాతుకొని ఉన్నాయి. దానిని స్వర్ణయుగంగా చిత్రించడం చరిత్రకు ద్రోహం. అయితే లెక్క విషయంలో దానికొక లక్షణముంది. కొలత పదిమంది కళ్ళ ముందు జరిగేది. ఎవరి కుప్ప ఎంత, ఎవరికి ఎన్ని కుంచాలు పోయాయి అన్నది రాతకెక్కకముందే ఊరికి తెలిసిపోయేది.

రాత మాత్రం కరణం చేతిలో ఉండేది. భూమి ఎవరిది, ఏ పంట, ఎంత శిస్తు అన్న వివరాలన్నీ ఒక్క కుటుంబం సొత్తయిన కవిలెకట్టల్లో, తరువాత అడంగల్ పుస్తకాల్లో ఉండేవి. ఒకే చేతిలో ఉన్న లెడ్జరు ఎటువంటి అధికారమో తెలుగు పల్లెకు ఎవరూ వివరించనక్కరలేదు. కరణం కలం మీద పుట్టిన సామెతలే అందుకు చాలు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా గ్రామాధికారుల వంశపారంపర్య పదవులను రద్దు చేసింది. పుస్తకం ప్రభుత్వోద్యోగి చేతికి వెళ్ళింది. అది ఒక్క చేతిలోనే ఉండడం మాత్రం మారలేదు.

పని రూపంలో వసూలయ్యే ఉమ్మడి నిధి మరొకటి ఉండేది. చెరువు గట్లకు, కాలువల ఒడ్డులకు గ్రామస్థులు తలా ఇంత శ్రమ ఇవ్వాలన్న ఆచారాన్ని మద్రాసు రాష్ట్ర రికార్డులు కుడిమరామత్తు అన్నాయి. ఆ ఆచారం సన్నగిల్లుతున్నదని భావించిన ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం చేసింది. గట్టు తెగే ప్రమాదమున్నప్పుడు మనుషులను రప్పించడానికి, ఆచారం ప్రకారం చేయవలసిన పనిని ఎగగొట్టినవారి నుంచి దాని ఖరీదు రాబట్టడానికి అది అధికారమిచ్చింది. ఊరి కట్టుబాటు శాసనంగా మారడానికి అదొక తొలి గుర్తు.

ఆనకట్ట, తీరువ, సెస్సు

1833 నాటి కరవు, 1839 నాటి ఉప్పెన, జమీందారీల పతనం కలిసి రాజమండ్రి జిల్లాను కుంగదీశాయి. 1821లో సుమారు 7.38 లక్షలున్న జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయినట్లు నాటి లెక్కలు చెబుతాయి. 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ ఇచ్చిన నివేదిక, ఆ తరువాత ఆర్థర్ కాటన్ వేసిన అంచనాలు ధవళేశ్వరం ఆనకట్టకు దారితీశాయి. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. కాటన్ వాదన దాతృత్వం మీద నిలబడలేదు. పెట్టిన పెట్టుబడి శిస్తు రూపంలో పెరిగి తిరిగివస్తుందని అతడు పై అధికారులను ఒప్పించాడు. ఉమ్మడి మేలుకు సర్కారు ముందుగా అప్పుగా సొమ్ము పెట్టి, లబ్ధిదారుల నుంచి కాలక్రమంలో రాబట్టుకునే పద్ధతి ఈ సీమకు అలా వచ్చింది.

1865 నాటి మద్రాసు ఇరిగేషన్ సెస్ చట్టం ఆ రాబడికి తాళంచెవి. సర్కారు కాలువ నీరు వాడుకున్న భూమిపై వేరుగా తీరువ విధించే అధికారాన్ని ప్రభుత్వం దానితో పొందింది. ఏలూరు పురపాలక సంఘం ఏర్పడినది ఆ మరుసటి ఏడు, 1866లో. ఊరి వీధులకు, పారిశుద్ధ్యానికి ఊరే పన్ను కట్టుకోవాలన్న సూత్రమే దానికీ పునాది. పట్టణంలో వసూలైన పన్నుకు పట్టణంలోనే ఖర్చు కనిపించేది. డెల్టాలో వసూలైన తీరువ మాత్రం మద్రాసు ఖజానాలో కలిసిపోయేది. అక్కడ కలిశాక ఏ రూపాయి ఏ కాలువకు తిరిగివచ్చిందో రైతుకు తెలిసే మార్గం లేదు. 1920ల చివరలో ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లో రీసెటిల్‌మెంటు పేరిట శిస్తును రూపాయికి మూడణాలు, అంటే నూటికి 18.75 చొప్పున పెంచడానికి ప్రభుత్వం పూనుకున్నప్పుడు రైతులు తిరగబడ్డారు. ఎన్.జి. రంగా వంటివారు నడిపిన ఆ ఉద్యమాన్ని సాధారణంగా పన్ను భారంపై జరిగిన పోరాటంగానే చెబుతారు. అందులో లెక్క అడిగే హక్కు కూడా ఉంది. డెల్టా తన ఖర్చును ఎన్నడో తీర్చేసిందనీ, ఇంకా ఎందుకు చెల్లించాలనీ రైతులు ప్రశ్నించారు.

స్వాతంత్ర్యానంతరం ఇదే కథ మురుగు విషయంలో మళ్ళీ నడిచింది. నీరు తేవడంలో చూపిన శ్రద్ధను నీరు పోనివ్వడంలో చూపలేదన్నది డెల్టాపై పాతకాలం నుంచి ఉన్న విమర్శ. 1964 వరదల తరువాత మిత్ర కమిటీ డెల్టా డ్రెయిన్ల స్థితిని పరిశీలించింది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టా ప్రాంత డ్రైనేజి సెస్సు చట్టం వచ్చింది. 1985లో పెన్నా డెల్టాను కూడా చేర్చి మరో చట్టం చేశారు. సూత్రం సరళమైనది: ఏ పొలాలకు ముంపు తగ్గుతుందో ఆ పొలాలే ఎకరానికి ఇంతని చెల్లించాలి. తాడేపల్లిగూడెం పరిసరాల్లో ఎర్రకాలువ పొంగినప్పుడు ఆ సూత్రానికి పరీక్ష ఎదురవుతుంది. ఎర్రకాలువ ఏలూరు కాలువను దాటి పోయే నందమూరు అక్విడక్టు దగ్గర నీరు ఎంత త్వరగా కిందికి పోతే ఎగువ చేలు అంత త్వరగా తేలతాయి, దిగువ చేలు అంత త్వరగా మునుగుతాయి. చెల్లించేవారందరి ప్రయోజనం ఒకటే అన్న ఊహ మీద సెస్సు నిలబడింది. నేల మట్టం ఆ ఊహను సమర్థించదు.

1997లో ఆంధ్రప్రదేశ్ మరొక మార్గం చేపట్టింది. అంతకుముందే నీటి తీరువను మూడింతలు చేసి, రైతుల యాజమాన్యంలో సాగునీటి వ్యవస్థల చట్టం తెచ్చింది. ఎన్నికలు జరిపి పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. వసూలైన తీరువలో కొంత భాగం తిరిగి సంఘానికే రావాలి. ఖజానాలో కలిసిపోయే సొమ్ముకు ఆనవాలు పెట్టే ప్రయత్నమిది. ఆ మేరకు మంచి ప్రయత్నం కూడా. కాని సంఘంలో ఓటుకు ఆధారం ఆయకట్టులో భూమి. ఆ ఆయకట్టు మురుగు చివరకు చేరే సరస్సులో వల వేసుకునే మనిషికి ఆయకట్టు లేదు.

సర్కారు ప్రమేయం లేకుండా ఉమ్మడి నిధి నడవదా అన్న ప్రశ్నకు తెలుగునాటనే ఒక సమాధానముంది. అది ఈ డెల్టాలో కాదు, కర్నూలు జిల్లాలో. 1970ల చివరి నుంచి అక్కడి కాలువ కింది గ్రామాలను అధ్యయనం చేసిన రాబర్ట్ వేడ్ 1988లో ప్రచురించిన గ్రంథంలో, పంచాయతీరాజ్ చట్టంతో సంబంధం లేని ఊరి నిధులను వర్ణించాడు. పంట కోసిన పొలాల్లో గొర్రెల మందలు మేపుకునే హక్కు వంటివాటి మీద వచ్చిన సొమ్ముతో ఆ ఊళ్ళు పొలం కావలివాళ్ళకు, నీరు కట్టేవాళ్ళకు జీతమిచ్చేవి. కాలువ చివర ఉండి నీటికి ఎక్కువ భయపడే ఊళ్ళలోనే ఈ కట్టుబాటు గట్టిగా ఉన్నదని అతడు గమనించాడు. మరొక సంగతి కూడా రాశాడు: నీరు సరిగా వదలడానికి సాగునీటి అధికారులకు ముట్టజెప్పే సొమ్ము కూడా ఆ నిధినుంచే వెళ్ళేది. అందరికీ కనిపించే, ఎన్నటికీ చెరగని లెడ్జరులో ఆ పద్దును ఏ శీర్షిక కింద రాయాలో నేటి సాంకేతిక ప్రతిపాదకులెవరూ చెప్పలేదు.

సంఘం పేరు, చెరువు లీజు

కొల్లేరు లంక గ్రామాల చరిత్రలో 1970ల మధ్యకాలం ఒక మలుపు. జలగం వెంగళరావు ప్రభుత్వం సరస్సు గర్భంలోని భూమిని మత్స్యకారుల, దళితుల సహకార సంఘాలకు చేపల చెరువుల కోసం కేటాయించింది. ఉద్దేశంలో దోషం లేదు. వలతో బతికే కుటుంబానికి ఒక స్థిరమైన ఉమ్మడి ఆస్తి, దానిపై సభ్యులందరికీ సమాన వాటా. రిజిస్టరు ప్రకారం చూస్తే ఇంతకంటె న్యాయమైన ఏర్పాటు కనిపించదు.

జరిగింది వేరు. చెరువు తవ్వడానికి, పిల్ల వదలడానికి, మేతకు కావలసిన పెట్టుబడి సభ్యుల దగ్గర లేదు. డబ్బున్న బయటివారు లీజుకు తీసుకున్నారు. పేర్లు సంఘానివి, చెరువు పెట్టుబడిదారుది. లీజు సొమ్ములో కొంత కుటుంబాలకు వాటాలుగా పంచేవారు, కొంత ఊరి ఉమ్మడి పనులకు పోయేది. పంచాయతీ పన్నుతో ఎన్నడూ సమకూరని సొమ్ము లీజుతో సమకూరిందన్నది కూడా నిజమే. బినామీ అన్న ఒక్క మాటతో దీనిని కొట్టిపారేసే పరిశీలకులు ఈ సంగతిని దాటవేస్తారు. అయితే ఆ ఆదాయానికి మూల్యం సరస్సు చెల్లించింది. గట్లు పెరిగిన కొద్దీ ఏటి నీరు పరుచుకునే చోటు తగ్గింది, ఉప్పుటేరుకు పోయే దారి ఇరుకైంది.

1999 అక్టోబరులో ప్రభుత్వం అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాలో చేరింది. 2005-06లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం చెరువు గట్లను కూల్చింది. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడవ కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ అందుకు అంగీకరించక అయిదవ కాంటూరునే నిలపాలన్నది. ఈ వివాదంలో ప్రతి పక్షం తన రికార్డులను చూపింది. పట్టాలు, సంఘం రిజిస్టర్లు, సర్వే పటాలు దాదాపు అన్నీ అసలైనవే. కొల్లేరులో ప్రధాన సమస్య ఎవరో పద్దును దిద్దడం కాదు. పద్దు సరిగానే ఉన్నది. పద్దు వెనుక ఉన్న మనిషి వేరు.

కొత్త లెడ్జరు

2008 అక్టోబరులో సతోషి నకమోటో అన్న మారుపేరుతో వెలువడిన పత్రం బిట్‌కాయిన్‌ను ప్రతిపాదించింది. 2009 జనవరిలో అది పనిలోకి వచ్చింది. దాని లెక్క పుస్తకంలో ప్రతి పుటా వెనుకటి పుట ముద్రను తనలో మోస్తుంది. నడుమ ఒక పద్దు మారిస్తే తరువాతి ముద్రలన్నీ తప్పుతాయి. పుస్తకం ప్రతులు వేల యంత్రాలలో ఉంటాయి గనుక కరణం ఒక్కడే అన్న స్థితి లేదు. 2015లో మొదలైన ఇథీరియం దీనికి షరతులను జోడించింది: ఫలానా రుజువు అందితే ఫలానా సొమ్ము తనంత తాను విడుదలవుతుంది. వీటిని స్మార్ట్ కాంట్రాక్టులంటారు.

తెలుగు రాష్ట్రాలు దీనిని త్వరగానే చేరదీశాయి. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి భూరికార్డుల కోసం క్రోమావే అన్న స్వీడిష్ సంస్థతో చేతులు కలిపింది. తెలంగాణలో రిజిస్ట్రేషన్ల శాఖ చిట్‌ఫండ్ల పర్యవేక్షణకు టి-చిట్స్ అన్న బ్లాక్‌చెయిన్ వేదికను చేపట్టింది. పదిమంది సొమ్ము ఒకచోట చేరే చీటీ పాటకు దిద్దలేని లెక్క ఉపయోగపడుతుందనడంలో సందేహం లేదు. అక్కడ ప్రశ్న సొమ్ము పాడినవానికి చేరిందా లేదా అన్నదే. ఉమ్మడి సేవలకు నిధి సమకూర్చడం మరో మెట్టు పైది.

ఆ మెట్టు మీద ఎక్కువగా చర్చకు వచ్చినది విటాలిక్ బుటెరిన్, జో హిట్జిగ్, గ్లెన్ వైల్ 2018లో ప్రతిపాదించిన క్వాడ్రాటిక్ ఫండింగ్. ప్రతి దాత ఇచ్చిన మొత్తానికి వర్గమూలం కట్టి, వాటిని కూడి, ఆ కూడికను వర్గం చేస్తారు. వచ్చిన సంఖ్యకు, వసూలైన దానికి మధ్య తేడాను ఒక పెద్ద నిధి భరిస్తుంది. ఒకే మనిషి నూరు రూపాయలిస్తే ఫలితం నూరే. నూరుమంది తలా ఒక రూపాయి ఇస్తే ఫలితం పదివేలు. ధనికుని ఒక్క సంతకం కంటె పేదల నూరు సంతకాలకు బరువెక్కువ. గిట్‌కాయిన్ అన్న వేదిక 2019 నుంచి ఈ పద్ధతిలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనులకు నిధులు పంచింది.

కొల్లేరు తెలిసిన పాఠకుడు ఈ సూత్రాన్ని చూడగానే ఒక ప్రశ్న వేస్తాడు. ఆ నూరు సంతకాలూ ఒకే పెట్టుబడిదారు జేబునుంచి వస్తే? నూరు రూపాయలను నూరు పేర్ల మీద పంచితే అతనికే పదివేలు. పేర్లను అద్దెకు తీసుకోవడం ఎంత తేలికో సహకార సంఘాల అనుభవం అయిదు దశాబ్దాల కిందటే చూపింది. ఆ రంగంలోని పరిశోధకులు ఈ మోసాన్ని సిబిల్ దాడి అంటారు, దానిని ఆపడానికి గుర్తింపు పరీక్షలు వెతుకుతూనే ఉన్నారు. కాని గుర్తింపు పరీక్ష అద్దె పేరును పట్టుకోలేదు. సంఘం సభ్యుడు నిజమైన మనిషే, అతని వేలిముద్ర నిజమైనదే. అతని వెనుక ఉన్న మాట ఒప్పందమే లెడ్జరుకెక్కదు.

గొలుసుకట్టు లెక్క నిజంగా ఉపకరించే చోటు మరొకటుంది: ఖజానాలో సొమ్ము కలిసిపోవడం. సెస్సుగా వసూలైన రూపాయి ఫలానా డ్రెయిను పేర విడిగా నిలిచి, అందరికీ కనిపిస్తూ, ఆ పనికే విడుదలైతే 1920ల రైతు అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. దీనికి కూడా ఒక హద్దున్నదని 2021 మేలో తెలిసింది. కోవిడ్ రెండవ ఉధృతిలో సందీప్ నైల్వాల్ ప్రారంభించిన క్రిప్టో రిలీఫ్ నిధికి బుటెరిన్ నాటి ధరలో సుమారు 100 కోట్ల డాలర్ల విలువైన షిబా ఇను టోకెన్లు ఇచ్చాడు. దానం జరిగిన క్షణం ప్రపంచమంతా చూసింది. ఆ టోకెన్లను ధర కుప్పకూలకుండా అమ్మడం, విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి లోబడి ఆసుపత్రులకు చేర్చడం అంత త్వరగా సాగలేదు. 2022 ఆరంభంలో అందులో 10 కోట్ల డాలర్లను బుటెరిన్‌కే తిరిగి ఇచ్చి, వేగంగా ఖర్చు చేసే బాధ్యత అప్పగించారు. గొలుసు లోపల సొమ్ము పారదర్శకం. గొలుసు దాటి ఆక్సిజన్ సిలిండరుగా మారే చోట పాత కార్యాలయాలే ఉన్నాయి.

డ్రెయిను విషయంలో ఆ దాటే చోటు ఇంకా కష్టమైనది. పూడిక తీశారన్న రుజువు స్మార్ట్ కాంట్రాక్టుకు ఎవరు అందిస్తారు? ఇంజనీరు కొలత పుస్తకంలో రాసిన ఘనపు మీటర్లనే అందిస్తే, తప్పు లెక్క కూడా అంతే శాశ్వతంగా నిలుస్తుంది. ఈ ప్రశ్నకు యంత్రం లేని సమాధానమొకటి ఆంధ్రప్రదేశ్‌లోనే రూపొందింది. 2006 నుంచి ఉపాధి హామీ పనులపై ఇక్కడ సామాజిక తనిఖీలు జరిగాయి; 2009లో అందుకొక ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. మస్టరు రోలును ఊరికి తెచ్చి, ఇంటింటికీ వెళ్ళి, ఈ రోజుల్లో పని చేశావా, ఇంత కూలి ముట్టిందా అని అడిగి, తరువాత మండల కేంద్రంలో బహిరంగ సభలో చదివేవారు. చనిపోయినవారి పేర్లు, ఊరు విడిచిపోయినవారి పేర్లు అక్కడ బయటపడేవి. రాబట్టిన సొమ్ము తక్కువేనన్న విమర్శ న్యాయమైనది. అయినా పద్దుకు, మనిషికి మధ్య దూరాన్ని కొలిచిన పద్ధతి ఇది. కళ్ళంలో కొలత లాగే ఇది కూడా పదిమంది వినగా జరిగింది.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు విజయవాడను ముంచి కొల్లేరుకు చేరింది. లంక గ్రామాల దారులు నీట మునిగాయి. ఉప్పుటేరు పూడిక మళ్ళీ చర్చకు వచ్చింది. ఆ పనికి ఒక ఉమ్మడి నిధి, దానికొక దిద్దలేని లెడ్జరు పెట్టాలంటే మొదట తేలవలసినది సభ్యుల జాబితా. ఆయకట్టుదారుల జాబితా జలవనరుల శాఖ దగ్గర ఉంది, చెరువు సంఘాల సభ్యుల జాబితా సహకార, మత్స్య శాఖల దగ్గర ఉంది, ఓటర్ల జాబితా పంచాయతీలో ఉంది. 2022 జిల్లాల విభజన తరువాత ఇవి వేర్వేరు కలెక్టరేట్ల కిందికి పోయాయి. సొంత చెరువు గాని, సంఘంలో వాటా గాని లేకుండా చేపల పట్టుబడి రోజున దినకూలికి వెళ్ళే లంక గ్రామపు స్త్రీ పేరు మూడవ జాబితాలో మాత్రమే ఉంటుంది.